వెనక తలుపు

పరుపుల రాజా పుట్టుకతో రాజా ఏమీ కాదు. రేకుల షెడ్డులో రెండు కుట్టుమిషన్లు, నాలుగు బస్తాల దూది పెట్టుకుని దుకాణం తెరిచిన రోజున అతనికి దబ్బనంలో దారం ఎక్కించడం కూడా రాదు. ఈ సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా మేస్త్రమ్మకు తెలుసు. నేర్పింది ఆవిడే.

అప్పటికి ఆవిడ మేస్త్రమ్మ కాదు. ఆ షెడ్డులో పనికి కుదిరిన మొదటి మనిషి, అంతే. అతనికి ఇరవై నాలుగేళ్లు, ఆవిడకు ముప్ఫై. పరుపు మీద మోకాలు ఆనించి దూది ఎక్కడ ఉండ కట్టిందో ఎలా కనిపెట్టాలో, మూల తిరిగేచోట గుడ్డ ముడత పడకుండా దబ్బనాన్ని ఎటు వంచాలో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. అతను "అక్కా" అనేవాడు, ఆవిడ "తమ్ముడూ" అనేది. కుట్టిన పరుపును చుట్టి నెత్తిన పెట్టుకుని మూడేసి అంతస్తులు తనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చేవాడు. కష్టం ఎరగనివాడని ఎవరైనా అంటే అది అబద్ధం. మేస్త్రమ్మ ఇవాళ్టికీ ఆ ఒక్క మాట ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఆవిడకు ఇంకా ఎక్కువ ఒళ్లు మండుతుంది.

అతనికి చేతులకన్నా నోరు చురుకు. ఒకరోజు వంకాయ రంగు కోటు, వంకాయ రంగు ప్యాంటు, అదే రంగు బూట్లు తొడుక్కుని ప్రత్యక్షమయ్యాడు. షెడ్డులో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. బస్టాండు ఎదుట లాడ్జి ముందు, నడిరోడ్డు మీద, మేస్త్రమ్మ కుట్టిన పరుపు పరిపించాడు. తను లాడ్జి మొదటి అంతస్తు పిట్టగోడ ఎక్కి, "నా పరుపు మీద నాకు నమ్మకం ఉంది. మీకుందా?" అని అరిచి దూకేశాడు. బస్సులు ఆగిపోయాయి. అతను బంతిలా లేచి నిలబడి జనానికి చేతులు ఊపాడు.

షెడ్డులోకి వచ్చాక కుర్చీలో కూలబడ్డాడు. చీలమండ బుంగలా వాచింది. మేస్త్రమ్మ తడిగుడ్డ చుడుతుంటే కళ్లనీళ్లతోనే నవ్వాడు.

"పడితే పడ్డాం అక్కా, దెబ్బ తగిలినట్టు ఎవరికీ కనపడకూడదు. వ్యాపారమంటే అదే."

ఆ మాటకు ఆ రోజు మేస్త్రమ్మ కూడా నవ్వింది.

వారం తిరక్కుండా షెడ్డులో పరుపన్నది మిగల్లేదు. ఆ తర్వాత ఏళ్లు పరిగెత్తాయి. దూది పోయి ఫోమ్ వచ్చింది. షెడ్డు పోయి మూడు హాళ్ల ఫ్యాక్టరీ వచ్చింది, మూడొందల మంది పనివాళ్లు వచ్చారు. ఊళ్లో ఏ మలుపు తిరిగినా అతని బొమ్మే. వంకాయ రంగు కోటులో పరుపు మీద పక్కకు వాలి, బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని, కింద ఇంత లావు అక్షరాలతో "నిద్ర పట్టకపోతే నన్ను లేపండి!" కారుకు అదే రంగు, ఆఫీసు గోడలకు అదే రంగు, కుక్క మెడపట్టీకి కూడా అదే రంగు. "తమ్ముడూ" అనే పిలుపు ఎప్పుడు "సార్" అయిందో మేస్త్రమ్మకే గుర్తు లేదు. అతను మాత్రం "అక్కా" అనడం మానలేదు. ఆ పిలుపు ఎంత పనికొస్తుందో అతనికి తెలుసు.

మేస్త్రమ్మ చెల్లెలు మొగుడితో తెగతెంపులు చేసుకుని అక్క ఇంటికి వచ్చేసినప్పుడు, ఆమెను మూడో హాల్లో పరుపు అంచులు కుట్టే మిషన్ మీద కూర్చోబెట్టింది మేస్త్రమ్మే. చెల్లెలి చెయ్యి ఎంత వాటమో నోరు అంత పదును. పొద్దున్నే అతను హాల్లో అడుగు పెట్టగానే, "వంకాయొచ్చింది, లోపల పుచ్చుందో లేదో చూడండే" అనేది మిషన్ల చప్పుడు మీదుగా. ఆడవాళ్లంతా తలలు వంచుకుని కిసుక్కుమనేవాళ్లు. మేస్త్రమ్మ కళ్లెర్ర చేసేది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకే."

"వాసాలు వేసింది మనమేగా అక్కా. లెక్కపెడితే తప్పేముంది?"

అన్నీ అమరినవాడికి ఇక కుర్చీ ఒక్కటే కరువు. ఎన్నికలొచ్చాయి. అతను నిలబడ్డాడు. గోడల మీద బొమ్మ మారలేదు, మాట మారింది. "మీరు హాయిగా పడుకోండి. మీ కోసం నేను మేలుకుని ఉంటాను!"

"దొంగలు కూడా సరిగ్గా ఇదే కోరుకుంటారక్కా," అంది చెల్లెలు.

సభ అంటే జనం కావాలి. జనం కావాలంటే ఫ్యాక్టరీ ఉండనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి మిషన్లు ఆపించి బస్సులెక్కించేవాళ్లు. ఆ పూట ఆగిన పని మర్నాడు కలిపి చెయ్యాలి. వేదిక మీద, అతని కుర్చీ పక్కన, వంకాయ రంగు చీరలో మేస్త్రమ్మ. "ఇదిగో మా అక్క! నా చేతికి దబ్బనం ఇచ్చిన తల్లి! ఈమె కళ్లలోకి చూసి చెప్పండి, నేను కార్మికుడి కష్టం తెలియనివాడినా?" అని ఆవిడ చెయ్యి పట్టి పైకెత్తేవాడు. చప్పట్లు మారుమోగేవి. అబద్ధం ఎందుకు, ఆవిడకు ఒళ్లు పులకరించేది. బస్సు గ్యారేజీలో మెకానిక్కుగా చేసే మొగుడు మాత్రం, "నీ చెయ్యి ఎత్తుతున్నాడు సరే, వాడి చెయ్యి ఎక్కడుందో చూసుకోవే" అనేవాడు. ఆవిడ మూతి ముడుచుకునేది.

ఒకనాడు సభకు ముందు అతను నవ్వుతూనే అడిగాడు.

"అక్కా, మూడొందల మందికి బస్సులు పెడుతుంటే అక్కడ నూటయాభై మంది కూడా దిగడం లేదు. మిగతావాళ్లు ఆవిరైపోతున్నారా?"

"ఆవిరెందుకవుతారు సార్. మూడో హాలు వెనక తలుపులోంచి సందులోకి, సందులోంచి ఇళ్లకి. పిల్లలు బళ్లోంచి వచ్చే వేళ కదా," అంది ఆవిడ, ఏదో ముద్దుముచ్చట చెప్పినట్టు.

అతనూ నవ్వాడు. మర్నాడు వెనక తలుపుకు ఇనప కటకటాలు బిగించి, పిడికెడంత తాళం వేశారు. తాళంచెవి ముందు గేటు దగ్గర మేనేజరు సొరుగులోకి పోయింది.

చెల్లెలు ఆ తాళం వంక చూసి, తర్వాత అక్క వంక చూసింది.

"ఎవరు చెప్పారో?" అంది.

మేస్త్రమ్మ పక్క మిషన్ మీది పరుపు అంచు సరిచూడ్డానికి వంగింది.

అతను గెలిచాడు. గెలిచిన ఏడాదికి మంత్రి అయ్యాడు. అదీ ఏ శాఖకని? కార్మిక శాఖకు. నక్కకు కోళ్లగూడు కాపలా ఇచ్చినట్టు. అప్పటిదాకా ఏడాదికోసారైనా వచ్చి, గోడలు తట్టి, ఏదో రాసుకుని పోయే తనిఖీవాళ్లు ఆ తర్వాత ఫ్యాక్టరీ ఛాయలకే రాలేదు. సొంత మంత్రిగారి గుమ్మంలో నిలబడి "ఈ తలుపుకు తాళమేమిటి?" అని అడిగే మగాడు ఎవడు?

మేస్త్రమ్మ అడిగింది. అదైనా చెప్పుకోవాలి. జిగురు డబ్బాలు మూడో హాల్లో ముందు తలుపు పక్కనే పేర్చడం మొదలుపెట్టినప్పుడు ఒకసారి అడిగింది. "ముందు తలుపు ఉందిగా అక్కా, రాజమార్గం. దొడ్డిదారి ఎందుకు మనకి?" అని భుజం తట్టాడు. ఫోమ్ కోసే వేడి తీగ నుంచి నిప్పురవ్వ ఎగిరి ఒకామె కొంగు కాలినప్పుడు రెండోసారి బంగళాకు వెళ్లి అడిగింది. అక్కడ వందమంది ఉన్నారు. "మా అక్క వచ్చింది, ఫోటో తియ్యండి" అన్నాడు. ఫోటో తీశారు. మాట గాల్లో కలిసిపోయింది. మూడోసారి మేనేజరుకు చెప్పి ఊరుకుంది. నాలుగోసారి అడగలేదు. ఆ అడగని నాలుగోసారి ఆవిడను ఇప్పటికీ పీక్కుతింటోంది.

ఆ రోజు పక్క ఊళ్లో సభ. మేస్త్రమ్మను పొద్దున్నే కారులో తీసుకుపోయారు. సరుకు అర్జెంటుగా పంపాలని ఫ్యాక్టరీలో ఎవరినీ కదలనివ్వలేదు. మధ్యాహ్నం మూడున్నరకు అతను మాట్లాడుతున్నాడు. సెక్రటరీ వంగుని నడుస్తూ వచ్చి అతని చెవిలో ఏదో చెప్పాడు. మేస్త్రమ్మ కళ్లారా చూసింది. అతని ముఖం ఒక్క క్షణం పాలిపోయింది, మళ్లీ మామూలైపోయింది. మైకు సర్దుకుని ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఒక జోకు కూడా వేశాడు. జనం నవ్వారు. మేస్త్రమ్మా నవ్వింది.

మెట్లు దిగుతుంటే మొగుడు ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావే? ఫ్యాక్టరీ అంటుకుంది. మూడో హాలు. మీ చెల్లి ఫోను ఎత్తడం లేదు."

వేడి తీగ దగ్గర పుట్టిన మంట జిగురు డబ్బాలకు అంటుకుంది. ముందు తలుపు మొదటి నిమిషంలోనే మూసుకుపోయింది. ఫోమ్ కాలితే వచ్చే పొగ తారులా ఉంటుంది, నాలుగు గుక్కలు పీలిస్తే మనిషి నిలబడలేదు. హాల్లో ఉన్న నలభై మందిలో కొందరు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకారు. పదకొండు మంది అలవాటు కొద్దీ వెనక తలుపు వైపు పరిగెత్తారు. సందులోని జనం గడ్డపారలు తెచ్చి బయటినుంచి కటకటాలు పెకలించేసరికి అటువైపు అరుపులు ఆగిపోయాయి. మేనేజరు అందరికన్నా ముందే గేటు దాటి పరిగెత్తాడు. తాళంచెవి సొరుగులోనే ఉంది.

ఆసుపత్రిలో చెల్లెలిని గుర్తుపట్టడానికి మేస్త్రమ్మకు అరగంట పట్టింది. ఆ అరగంట గురించి ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు.

అతను వచ్చాడు. జీవితంలో మొదటిసారి తెల్లబట్టల్లో, వెనక కెమెరాలతో. ప్రతి తల్లినీ కావలించుకుని ఏడ్చాడు. ఏడుపు కూడా బాగా వచ్చు అతనికి. "వీళ్లు నా పనివాళ్లు కాదు, నా తోబుట్టువులు!" అన్నాడు. మేస్త్రమ్మ వైపు చేతులు చాచాడు. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది. కెమెరాలు అది కూడా దుఃఖమే అనుకున్నాయి.

మూడో రోజు పగలు పదకొండింటికి వంకాయ రంగు కారు వాళ్ల వీధి చివర ఆగింది. అతను నడుచుకుంటూ వచ్చాడు. వెంట నల్లకోటు లాయరు. చెల్లెలు పడుకునే ముందు గదిలో, ఆమె మంచం మీదే కూర్చోబోతే, "అక్కడ కాదు," అంది మేస్త్రమ్మ. అతను కుర్చీ లాక్కున్నాడు.

"అక్కా, నీ బాధ నాకు తెలుసు. నా బాధ కూడా నువ్వే అర్థం చేసుకోవాలి. విచారణ వేశారు. ఫ్యాక్టరీలో అందరికన్నా పాతమనిషివి నువ్వు. నీ మాట చెల్లుతుంది."

"ఏం మాట?"

లాయరు గొంతు సవరించుకున్నాడు. "పెద్దగా ఏం లేదమ్మా. తాళంచెవి ఎప్పుడూ ఆ తలుపు పక్కన మేకుకే ఉండేది, కంగారులో వాళ్లు చూసుకోలేదు. అంతే."

మేస్త్రమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లాయరును వదిలి అతని వైపు తిరిగింది.

"అంటే, చేతికందేంత దూరంలో తాళంచెవి ఉండగా నా చెల్లెలు తెలివితక్కువై చచ్చిందని చెప్పాలి."

"అలా ఎందుకంటావక్కా? పోయినవాళ్లు ఎలాగూ రారు. ఉన్నవాళ్ల సంగతి చూడాలి. ఫ్యాక్టరీ మూతపడితే మూడొందల కుటుంబాలు రోడ్డున పడతాయి. నిన్ను మేనేజర్ని చేస్తా. బావగారికి గ్యారేజీ పెట్టిస్తా. మనం మనం ఒకటి."

"ఆ వేళ నీ చెవిలో చెప్పింది ఏమిటి?"

"ఎప్పుడు?"

"సభలో. నీ సెక్రటరీ వచ్చి చెప్పాడే."

అతను లాయరు వైపు చూశాడు.

"ఇరవై నిమిషాలు మాట్లాడావు. జోకేశావు. నేను పక్కన కూర్చుని నవ్వాను. అక్కడ అది కటకటాలు పట్టుకుని అరుస్తుంటే ఇక్కడ నేను పళ్లికిలించి నవ్వాను!"

"నేను మధ్యలో ఆపితే జనంలో తొక్కిసలాట..."

"ఒరేయ్!"

ఇరవై ఏళ్లలో ఆవిడ అతణ్ణి ఆ మాట అనలేదు. తమ్ముడూ అని పిలిచిన రోజుల్లో కూడా అనలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మొగుడు ఉలిక్కిపడ్డాడు.

"ఒరేయ్, నీకు సూదీ దారం నేర్పిన చేతుల్రా ఇవి. ఈ చేతులతోనే మొన్న దానిమీద గుడ్డ కప్పాను. నీ సభకు రావడం ఇష్టంలేక ఇళ్లకు పోయి పిల్లలకు ఇంత వండి పెట్టుకుందామనుకున్నారు, అదేరా వాళ్లు చేసిన నేరం. దానికి జంతువుల్ని బంధించినట్టు బంధించావు. చప్పట్లు కొట్టేవాళ్లు తగ్గారని తాళం వేశావు! ఇప్పుడు చచ్చినవాళ్ల మీదే నేరం మోపమని నా గుమ్మంలోకొచ్చావు! లే. దాని గదిలోంచి ముందు లే."

"అక్కా, నువ్వు ఆవేశంలో ఉన్నావు. నువ్వే కదా ఆ రోజు నాకు చెప్పింది, వెనక తలుపులోంచి పోతున్నారని. అది బయటికొస్తే నీకే..."

మొగుడు ముందుకు వచ్చాడు. చేతిలో ఏమీ లేదు, గ్రీజు మరకలు తప్ప. "వెళ్లండి సార్," అన్నాడు నెమ్మదిగా. "దీన్ని నేను ఆపలేను. నన్ను ఇది ఆపలేదు."

లాయరు అప్పటికే వీధిలో ఉన్నాడు.

అతను వదిలిన ఆ చివరి మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మేస్త్రమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. విచారణ రోజు వెళ్లి చెప్పింది. తాళం సంగతి చెప్పింది, సొరుగు సంగతి చెప్పింది, మూడుసార్లు అడిగిన సంగతి చెప్పింది. లాయరు లేచి ఆవిడ వేదిక మీద చెయ్యెత్తి నవ్వుతున్న ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు.

"ఇది మీరేనా? ఇంత మంచి యజమాని లేడని రెండేళ్లు ఊరూరా తిరిగింది మీరేనా? అయితే అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడు ఆడుతున్నారా?"

"అప్పుడు," అంది మేస్త్రమ్మ. "అప్పుడు ఆడాను. ఇంకోటి కూడా రాసుకోండి. వాళ్లు వెనక తలుపులోంచి వెళ్తున్నారని అతనికి చెప్పింది నేనే. నవ్వుతూ చెప్పాను. మర్నాడు తాళం పడింది. ఆ తాళం ఎందుకు పడిందో నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు."

హాలంతా కలకలం రేగింది. బయటికి రాగానే, కూతుర్ని పోగొట్టుకున్న ఒక ముసలమ్మ వరండాలో అడ్డం వచ్చింది.

"చెప్పింది నువ్వా?" అంది. "నువ్వా చెప్పింది? వంకాయ రంగు చీర కట్టుకుని ఊరేగినప్పుడు లేవని నోరు, నీ ఇంటిదాకా వచ్చాక లేచిందా?"

ముసలమ్మ ఆవిడ కాళ్ల ముందు ఉమ్మేసి వెళ్లిపోయింది.

ఆవిడ సాక్ష్యం మర్నాడు పేపర్లన్నిటిలో వచ్చింది. ఆ తర్వాత అతని పతనానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఎక్కడానికి ఇరవై ఏళ్లు, జారడానికి ఆరు నెలలు. మంత్రి పదవి ఊడింది. పార్టీ పెద్దలు "ఆయన మాకు అంతగా దగ్గరవాడు కాదు" అన్నారు. గోడల మీది బొమ్మలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. కేసు నడుస్తుండగానే మళ్లీ ఎన్నికలొస్తే సొంతంగా నిలబడ్డాడు. లాడ్జి ముందు పరుపు పరిపించి, పాత కోటు తొడుక్కుని, బొజ్జ వేసుకుని పిట్టగోడ ఎక్కి మళ్లీ దూకాడు. జనం దూరంగా నిలబడి చూశారు. లేవబోతుంటే ఎవడో, "లేవకురా, అలాగే ఉండు" అన్నాడు. డిపాజిట్టు కూడా దక్కలేదు.

రెండేళ్లకు తీర్పు వచ్చింది. అతనికి ఏడేళ్లు, మేనేజరుకు మూడు. కోర్టు మెట్ల మీద నుంచి పోలీసు బండి దాకా అతను చేతులు ఊపుతూనే వెళ్లాడు, చప్పట్లు కొట్టేవాళ్లు లేకపోయినా.

మెట్ల కింద కొందరు పండగ చేసుకుంటున్నారు. మేస్త్రమ్మ వీధిలో కిరాణా కొట్టతను ఎదురొచ్చి, "ధర్మం గెలిచిందమ్మా! వాడి సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు.

ఆవిడకు కోపం నషాళానికి అంటింది.

"తెలుసా? మొదట్నుంచీ తెలుసా? మరి నీ కొట్టు మీద వాడి జెండా ఎవరు కట్టారయ్యా, దెయ్యాలా? వాడి బస్సులకు నీళ్ల ప్యాకెట్లు ఎవరు పంపారు? పేపర్ల వాళ్లకు తెలుసు, తనిఖీ వాళ్లకు తెలుసు, నీకు తెలుసు, నాకు తెలుసు. అందరికీ తెలిసి పదకొండు మంది మాడిపోయారు! ధర్మం గెలిచిందట. ఏడేళ్లయ్యాక వాడు వస్తాడు. మళ్లీ ఏదో రంగు కోటు కుట్టించుకుంటాడు. నువ్వు మళ్లీ జెండా కడతావు. నా చెల్లెలు వస్తుందా? చెప్పు, వస్తుందా?"

కిరాణా కొట్టతను తల వంచుకుని జనంలోకి జారుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా మెల్లగా పలచబడ్డారు. ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది, ఎవరి మీదో ఆవిడకే తెలియకుండా.

వెనకనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. ఆ ముసలమ్మ. రెండేళ్లుగా ప్రతి వాయిదాకూ వచ్చింది, ఎప్పుడూ ఎదురు బెంచీ మీదే కూర్చుంది. ఈవిడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"గొంతు చించుకోకు," అంది ముసలమ్మ కరుకుగా. "నిన్ను క్షమించానని కాదు. నాలుగున్నర బస్సు వెళ్లిపోతే మళ్లీ ఆరింటికి గానీ లేదు."

ఇద్దరూ నడిచారు. బస్సులో ముసలమ్మ ముందు సీట్లో కూర్చుంది. మేస్త్రమ్మ పోయి చివరి సీట్లో కూర్చుని, కిటికీ కడ్డీని గట్టిగా పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి పని. ఇప్పుడు ఆసుపత్రి దుప్పట్లు కుట్టే చోట చేస్తోంది. అక్కడ కూడా మేస్త్రమ్మ అనే పిలుస్తారు. కోపం తగ్గిందా అని మొగుడు అప్పుడప్పుడూ అడుగుతుంటాడు.

"ఎందుకు తగ్గాలి?" అంటుంది.